దుప్పట్లమ్మ గడి

అంకెలక్క అసలు పేరు ఆ ఆఫీసులో హాజరుపట్టీ రాసే గుమాస్తాకు తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. మనుషుల్ని అంకెలుగా మార్చడమే ఆమె ఉద్యోగం, ఇరవై ఏళ్ళుగా అదే పని. సర్వేకు వెళ్ళినవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి నింపుకొచ్చిన ఫారాలు కట్టలు కట్టలుగా ఆమె బల్ల మీద పడతాయి. ఫారంలో బస్సు డ్రైవరు అని ఉంటే కుడి పక్క గడిలో ఎర్ర పెన్సిలుతో యాభై రెండు వేస్తుంది. బడి పంతులైతే ఇరవై మూడు. ఏ పనీ చేయకుండా ఇంట్లో కూర్చున్న మొగుడైతే ఎనభై ఎనిమిది. "ఎనభై ఎనిమిదికి పెత్తనం కూడా ఓ వృత్తేనని ప్రొఫెసరు సార్‌కి ఎవరైనా చెప్పండే" అని ఈ అంకెలు వేసే కోడింగ్ హాల్లో ఆడవాళ్ళు నవ్వుకునేవారు. అంకెలక్క కూడా నవ్వేది, కానీ పెన్సిలు ఆపేది కాదు.

ఆ ఆఫీసు సమాజంలోని అసమానతలను కొలిచే కేంద్రం. పదేళ్ళకోసారి అవే ఇళ్ళకు వెళ్ళి, అవే ప్రశ్నలు అడిగి, ఎవరు పైకి వెళ్ళారు, ఎవరు కిందికి జారారు, ఎవరు ఉన్నచోటే ఉండిపోయారు అని లెక్క తేల్చి పుస్తకం వేస్తుంది. అసమానత గురించి ఏమాత్రం అనుమానం ఉన్నా ఆ భవనంలో కుర్చీలు చూస్తే తీరిపోతుంది. కోడింగ్ చేసేవాళ్ళకు చేతుల్లేని కుర్చీలు, పరిశోధకులకు చేతులున్నవి, డైరెక్టరుగారికి గుండ్రంగా తిరిగేది. పదిహేనేళ్ళ సర్వీసు తర్వాత అంకెలక్కను సూపర్‌వైజరు చేసి చేతుల కుర్చీ ఇచ్చారు. ఆ చేతులు బల్లకు తగిలి కుర్చీ లోపలికి వెళ్ళదు, వంగి వంగి నడుం పట్టేసేది. అయినా ఆమె దాన్ని వెనక్కి ఇచ్చెయ్యలేదు. మీరైనా నేనైనా ఇచ్చేవాళ్ళం కాదు.

ప్రతి సర్వేకూ ముందు పెద్ద ప్రొఫెసరుగారు హాల్లోకి వచ్చి మూడు రోజులు పాఠం చెప్పేవారు. మంచి మనిషి, గొంతు పెంచి మాట్లాడడం ఎరగరు. వర్గం, తరగతి, శ్రేణి, హోదా, అంతస్తు, ఇవన్నీ ఒకటి కావని విడమరిచి చెప్పేవారు. ఒక సిద్ధాంతం ప్రకారం లోకంలో పని చేయించేవాళ్ళూ చేసేవాళ్ళూ అని రెండే వర్గాలట. ఇంకొకాయన అది చాలదన్నాడట, ఆస్తి వేరు, గౌరవం వేరు, అధికారం వేరు, మూడూ విడివిడిగా తూచాలని. మరికొందరు అసమానత సమాజానికి అవసరమే అంటారట, ముఖ్యమైన పనికి తగిన మనిషి రావాలంటే ప్రతిఫలం కూడా ఎక్కువ ఉండాలి కాబట్టి. అంకెలక్క అవన్నీ శ్రద్ధగా నోటు పుస్తకంలో రాసుకుని, సాయంత్రం ఇంటికెళ్ళి అమ్మకు చెప్పేది.

ఆ మూడో సిద్ధాంతం విన్నరోజు అమ్మ చేతిలో టీ గ్లాసు కింద పెట్టేసింది.

"అంటే నాది ముఖ్యమైన పని కాదనా?" అంది. "వారం రోజులు మేమెవ్వరం దుప్పట్లు ఉతకం అని కూర్చుంటే ఆ ఆసుపత్రి ఎలా నడుస్తుందో మీ సార్‌ని అడుగు. పెద్ద డాక్టరు వారం రాకపోయినా నడిచింది, నేను చూశాను."

అమ్మను ఆ వీధిలో అందరూ దుప్పట్లమ్మ అనేవారు. పెద్దాసుపత్రి లాండ్రీలో ముప్పై నాలుగేళ్ళు చేసింది. నేలమాళిగలో కిటికీలు లేని గది, నాలుగు పెద్ద డ్రమ్ములు, ఆవిరితో నడిచే ఇస్త్రీ రోలరు. కుడి మోచేతి కింద ఆ రోలరు పెట్టిన వాత అరచేయంత ఉండేది. ఉతికిన దుప్పటిని రెండో మనిషి సాయం లేకుండా, ఒక కొస గడ్డం కింద బిగించి, నాలుగు విసుర్లలో మడత పెట్టేసేది. చీకట్లో చేత్తో తడిమి ఇది కాన్పుల వార్డుది, ఇది కాలినవాళ్ళ వార్డుది అని చెప్పేది. స్పెషల్ గదుల దుప్పట్లకు అంచున నీలం దారం ఉంటుంది, వాటిని మామూలు వార్డు దుప్పట్లతో కలిపి ఉతక్కూడదని రూలు. "కలిపితే ఏమవుతుందమ్మా?" అని చిన్నప్పుడు కూతురు అడిగితే, "ఏమవుతుంది, నీళ్ళు ఆదా అవుతాయి" అంది. ఇంత చేసే మనిషి పనికి కోడ్ పుస్తకంలో ఉన్న అంకె డెబ్భై ఒకటి. దాని ఎదురుగా "నైపుణ్యం అక్కర్లేని సేవా పని" అని అచ్చేసి ఉంటుంది. అది చదివినప్పుడల్లా అంకెలక్కకు ఒళ్ళు మండేది.

అసలు కథ ఆ అంకెలో లేదు. తల్లీకూతుళ్ళను చివరిదాకా వేధించిన అంకె వేరే ఉంది.

ఆ కేంద్రం మొట్టమొదటి సర్వే చేసిన ఏడు కూతురికి పన్నెండేళ్ళు. వాళ్ళ వీధిలో చీట్లు తీస్తే దుప్పట్లమ్మ ఇల్లు వచ్చింది. గొడుగు పట్టుకుని ఒకాయన వచ్చి, ఇంట్లో ఉన్న ఒక్క స్టూలు మీద కూర్చుని, గంటసేపు ప్రశ్నలు అడిగాడు. ఏం పని చేస్తావు, ఎన్ని గంటలు, నీ తల్లి ఏం చేసేది, నీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటావు. అమ్మ ప్రతి దానికీ నిలబడే జవాబు చెప్పింది. అంతవరకూ ఆమె పని గురించి ఆమెను అడిగిన మనిషి లేడు. లాండ్రీలో ఆమె హాజరుకు వేసే నంబరున్న ఒక ఇత్తడి బిళ్ళ. ఇంటి కాగితాలన్నీ మొగుడి పేరున ఉన్నాయి. ఆ మొగుడు అప్పటికి ఎనిమిదేళ్ళ కిందటే, పని వెతుక్కుని వస్తానని చెప్పి వెళ్ళి మళ్ళీ రాలేదు.

"ఇదంతా ఎందుకు రాసుకుంటున్నారయ్యా?" అని అడిగింది చివర్లో.

"పుస్తకం వేస్తారమ్మా. మీరు చెప్పింది అందులోకి ఎక్కుతుంది. పెద్ద పెద్దవాళ్ళు చదువుతారు" అన్నాడాయన గొడుగు దులుపుకుంటూ.

ఆ ఒక్క మాట అమ్మ మనసులో నాటుకుపోయింది. ఆయన దాన్ని వీధి మలుపు తిరగ్గానే మర్చిపోయి ఉంటాడు. అమ్మ మాత్రం మర్చిపోలేదు. "ఇంత చాకిరీ చేశాను, ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా" అనేది. కూతురు పెద్దదై, డిగ్రీ గట్టెక్కి, సరిగ్గా ఆ కేంద్రంలోనే ఉద్యోగం తెచ్చుకుందంటే కారణం కూడా అదే. అమ్మ ఎక్కడ రాసి ఉందో చూద్దామని వెళ్ళిన పిల్ల అక్కడే రాసే మనిషిగా కుదురుకుంది.

చేరిన ఏడాదే రెండో సర్వే ఫారాలు వచ్చాయి. వానాకాలం మధ్యాహ్నం, కట్ట విప్పుతుంటే తమ వీధి కనబడింది. మూడు ఫారాల తర్వాత అమ్మ. వేరొకరి చేతిరాతలో ఉన్న అమ్మ మాటలను ఆ పిల్ల వేలు పెట్టి చదివింది. పేజీ తిప్పింది. "ఇంటి పెద్ద వృత్తి" అన్న ప్రశ్న దగ్గర సర్వే ఆయన ఇలా రాశాడు: "భర్త. ఇల్లు విడిచి పద్దెనిమిదేళ్ళు. ప్రస్తుతం ఏం చేస్తున్నదీ తెలియదంటున్నారు."

కోడ్ పుస్తకం తెరిచింది. అందులో రూలు స్పష్టంగా ఉంది. కుటుంబం ఏ వర్గానిదో ఇంటి పెద్ద వృత్తిని బట్టి నిర్ణయించాలి. ఇంటి పెద్ద అంటే భర్త. భర్త చనిపోతే భార్య వృత్తి తీసుకోవాలి. భర్త బతికి ఉండి, ఏం చేస్తున్నాడో తెలియకపోతే తొంభై తొమ్మిది వేయాలి.

తొంభై తొమ్మిది అంటే సమాచారం లేదని. ఆ అంకె పడ్డ ఫారం పట్టికలోకి వెళ్ళదు, పుస్తకంలోకీ వెళ్ళదు. పట్టిక కింద చీమల్లాంటి అక్షరాల్లో "సమాచారం లేని కుటుంబాలను మినహాయించడమైనది" అని ఒక వాక్యం ఉంటుంది, అంతే.

ఆ పిల్ల చేయగలిగింది ఒకటుంది. "ఇల్లు విడిచి" అన్న ముక్క కొట్టేసి "చనిపోయారు" అని రాస్తే చాలు, అమ్మ తన సొంత పనితో, సొంత డెబ్భై ఒకటితో పట్టికలో కూర్చునేది. ఎవరూ పట్టుకునేవారు కూడా కాదు. కానీ ఫారంలో మనిషి చెప్పిన మాట మార్చకూడదన్నది అక్కడ మొదటిరోజు నేర్పిన పాఠం. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. పెన్సిలు చాలాసేపు పట్టుకుని కూర్చుని, చివరికి గడిలో తొంభై తొమ్మిది వేసి, పక్కన తన పొడి సంతకం పెట్టింది. నీతిగా పని చేశానని ఆ క్షణం అనుకుంది పాపం.

ఏడాదిన్నరకు పుస్తకం వచ్చింది. ఒక కాపీ ఇంటికి తెచ్చింది. అమ్మ చేతులు రెండుసార్లు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని కూర్చుంది.

"నేనెక్కడున్నాను?" అంది.

అట్ట మీంచి అట్ట దాకా అమ్మ ఎక్కడా లేదని ఆ ఇంట్లో తెలిసింది ఒక్క కూతురికే. పేజీలు తిప్పి తిప్పి, సేవా పనులవాళ్ళ పట్టిక తీసి, ఒక గడి మీద వేలు పెట్టింది. "ఇదిగో, ఇక్కడమ్మా."

"ఏమని ఉంది?"

"రెండువందల పద్నాలుగు."

"అంటే నాతో కలిపి అంతమందా? అందరూ ఈ పనేనా? పోనీలే, మాట్లాడుకోవడానికి మనుషులున్నారు" అని అమ్మ ఆ గడిని చూపుడువేలితో ఒకసారి నిమిరింది. మర్నాడు లాండ్రీ అంతా చెప్పేసింది. ఆ పుస్తకం దుప్పట్ల మడతలాగే నలగకుండా ఒక గుడ్డలో చుట్టి ట్రంకు పెట్టెలో దాచుకుంది. చుట్టాలు వస్తే తీసి, వేలితో లెక్కపెట్టుకుంటూ సరైన పేజీ తీసి, "ఇదిగో, ఈ గడిలో ఉన్నాను" అని చూపించేది. అలా చూపించిన ప్రతిసారీ కూతురు ఏదో పని ఉన్నట్టు బయటికి వెళ్ళిపోయేది.

మూడో సర్వే నాటికి అంకెలక్కకు కాస్త ధైర్యం వచ్చింది. నేరుగా ప్రొఫెసరుగారి గదికి వెళ్ళింది.

"సార్, మొగుడు వదిలేసి వెళ్ళిన ఆడవాళ్ళు మన లెక్కలోకి రావట్లేదు. వాళ్ళు పని చేస్తూనే ఉన్నారు కదా?"

"కూర్చోమ్మా" అన్నారాయన. "దీని మీద మా వాళ్ళు ఎప్పటినుంచో కొట్టుకుంటున్నారు. కుటుంబం ఒక యూనిట్ అనుకుంటే, దాని స్థానం ఇంటి పెద్ద వల్ల వస్తుంది. ఆడమనిషి వర్గం ఆమె సొంత పనిని బట్టే నిర్ణయించాలనే వాదన కూడా ఉంది. అందులో బలం ఉంది, నేను కాదనను."

"మా ఇంట్లో పెద్ద మా అమ్మే సార్."

ఆయన కళ్ళజోడు తీశారు. ఏదో అర్థమైనట్టే ఉంది. "ఇప్పుడు రూలు మారిస్తే పాత రెండు సర్వేలతో పోల్చలేమమ్మా. వెయ్యికి పైగా ఫారాలున్నాయి అలాంటివి. ఒక్కటి మార్చలేను, అన్నీ మార్చలేను. అధ్యయనం పరిమితుల్లో ఒక పేరా రాస్తాను."

అన్నమాట ప్రకారం రాశారు కూడా. నాలుగు వాక్యాల పేరా. అమ్మ ముప్పై నాలుగేళ్ళు ఆ నాలుగు వాక్యాల్లో ఎక్కడో ఉండి ఉంటాయి. ఆ పేరా అమ్మకు చదివి వినిపించే ధైర్యం అంకెలక్కకు లేకపోయింది. కొత్త పుస్తకంలో కూడా మళ్ళీ ఒక గడి చూపించింది. ఈసారి నూట తొంభై ఆరు. "తగ్గారేంటి? కొందరు పోయినట్టున్నారు" అని అమ్మ దిగులు పడింది.

నాలుగో సర్వే వచ్చేసరికి ప్రొఫెసరుగారు రిటైరయ్యారు, అమ్మ మంచం పట్టింది. లాండ్రీలో అన్నేళ్ళు పీల్చిన బ్లీచింగు ఆవిరి ఊపిరితిత్తుల్ని తినేసిందన్నారు డాక్టర్లు. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. ఏడాది గడిస్తే గొప్ప అని విడిగా పిలిచి చెప్పారు. ఈ సర్వే తప్పితే అమ్మకు మరో సర్వే లేదు.

ఒక ఆదివారం పొద్దున అమ్మకు తల దువ్వుతూ అంకెలక్క మొత్తం చెప్పేసింది. రూలు, తొంభై తొమ్మిది, తాను పెట్టిన సంతకం, గడిలో పెట్టిన వేలు, ఏదీ దాచలేదు. చెప్తున్నంతసేపూ అమ్మ ముఖం కనబడకుండా వెనకే కూర్చుంది.

అమ్మ రాలిన వెంట్రుకలు వేలికి చుట్టుకుంది. తర్వాత, "అయితే ఇరవై ఏళ్ళుగా నన్ను వేరేవాళ్ళ గడిలో కూర్చోబెట్టావన్నమాట" అంది.

"తప్పైపోయిందమ్మా."

"వాళ్ళకు ఇరుకైపోయి ఉంటుంది" అని నవ్వబోయింది, దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక అడిగింది. "మరి ఇప్పుడైనా ఎక్కాలంటే ఏం చెయ్యాలి?"

అంకెలక్క దువ్వెన పక్కన పెట్టింది. "నాన్న చనిపోయాడని చెప్పాలి. అప్పుడు నీ పని రాస్తారు."

అమ్మ మెడ తిప్పి కూతురి వంక చూసింది. ముప్పై ఎనిమిదేళ్ళుగా అడిగినవాళ్ళందరికీ ఆమె ఒకటే జవాబు చెప్పింది. రేషన్ ఆఫీసులో, ఆసుపత్రిలో, ఇంటి కాగితాలు మార్చుకోవడానికి వెళ్ళినప్పుడు, చచ్చాడని ఒక్క ముక్క రాయించమ్మా పనైపోతుంది అని గుమాస్తాలు చెప్పి చూశారు. ఆమె రాయించలేదు. ఆయన మీద ప్రేమ కారిపోయి కాదు. "వదిలేసిపోయాడు, నిజం. చచ్చాడో లేదో నాకు తెలియదు. తెలియని చావు నా నోటితో ఎలా చెప్పను?" అనేది. అబద్ధం చెప్పని మనిషని కాదు, చుట్టాల దగ్గర బోలెడు చెప్పేది. ఈ ఒక్కటి మాత్రం ఆమె నోటికి రాలేదు.

"ఆలోచించుకోనీ" అంది అమ్మ, తల కూతురి ఒళ్ళో పెట్టుకుని.

సర్వే మనిషి మంగళవారం వస్తుందని అంకెలక్కకు ముందే తెలుసు. సొంతింటి ఫారం దగ్గర తానుంటే బాగోదని తెలిసినా సెలవు పెట్టింది. అదే మంగళవారం ఆఫీసులో కొత్త డైరెక్టరుగారు సూపర్‌వైజర్ల మీటింగు పెట్టారు. అమ్మకు బాగోలేదని చీటీ పంపించి ఊరుకుంది.

వచ్చింది ఇరవై మూడేళ్ళ పిల్ల, చేతిలో పలక లాంటి ట్యాబ్, వెంట కాగితం ఫారం కూడా. స్టూలు మీద కూర్చుని, "పెద్దమ్మా, ఓపిక లేకపోతే మధ్యలో ఆపేద్దాం" అంది. మంచి పిల్లే. అమ్మ మంచం మీద లేచి కూర్చుని, చీర సర్దుకుంది.

పని గురించి అడిగితే ఆయాసపడుతూనే చెప్పింది. డ్రమ్ములు, రోలరు, నీలం దారం. ఆ పిల్ల అవన్నీ రాసుకోనక్కర్లేదు, అయినా వింది. తర్వాత ఆ ప్రశ్న వచ్చింది.

"మీ ఆయన పెద్దమ్మా?"

అమ్మ కూతురి వంక చూడలేదు. ఎదురుగా గోడ వంక చూసింది. అంకెలక్క గుమ్మం పట్టుకుని నిలబడింది. గట్టిగా ఊపిరి తీసుకుంటే కూడా ఏమవుతుందో అన్నట్టుంది ఆమె ప్రాణానికి.

"లేడమ్మా" అంది అమ్మ. "పోయాడు."

"అయ్యో. ఎప్పుడు పోయారు?"

ఫారంలో సంవత్సరం కూడా అడుగుతారని అంకెలక్క చెప్పడం మరిచింది. అమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. మొగుడు ఇల్లు విడిచిన సంవత్సరం చెప్పింది. ఆ పిల్ల వేలితో టకటకా కొట్టుకుని, కాగితం మీద కూడా రాసుకుని, తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయింది.

సర్వే పిల్ల వెళ్ళాక అమ్మ స్నానం చేస్తానంది. జ్వరంగా ఉంది, వద్దమ్మా అంటే వినలేదు. కూతురు వేడినీళ్ళు పెట్టి, కూర్చోబెట్టి తల మీంచి పోసింది. పొడి చీర కట్టుకుని, ఆ రోజు అన్నం వద్దంది. ఏడవలేదు. ఎవరింట్లోనైనా ఒకరు పోతే ఎలా కూర్చుంటారో అలా గోడకు చేరగిలబడి కూర్చుంది. అంకెలక్కకు అప్పుడు తెలిసింది, తాను అమ్మ చేత ఏం చేయించిందో. అయినా ఒక మూల తృప్తిగానే ఉంది. అమ్మ ఈసారి ఎక్కుతుంది.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళేసరికి బల్ల మీద కొత్త కోడ్ పుస్తకం ఉంది, ఆకుపచ్చ అట్ట. నిన్న మీటింగులో ఇచ్చారక్కా అని పక్క బల్ల ఆవిడ చెప్పింది. "కొత్త డైరెక్టరుగారు రూళ్ళన్నీ తిరగేశారు. ఇక మన పని డబుల్." అంకెలక్క చేతుల కుర్చీలో వంగి కూర్చుని పేజీలు తిప్పింది. పదకొండో పేజీలో ఆగింది.

"సమాచారదాత వర్గాన్ని సమాచారదాత సొంత వృత్తిని బట్టే నిర్ణయించాలి. వివాహిత, వితంతువు, భర్త విడిచి వెళ్ళిన స్త్రీ అనే భేదం పాటించరాదు. ఇంటి పెద్ద అన్న ప్రశ్న తొలగించడమైనది. పాత సర్వేలను కూడా ఈ పద్ధతిలో తిరిగి కోడ్ చేయాలి."

మళ్ళీ చదివింది. మూడోసారి చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోయాయి. నిన్న ఆమె ఈ కుర్చీలో ఉండి ఉంటే పది గంటలకు ఈ రూలు వినేది. సర్వే పిల్ల వాళ్ళ గుమ్మం తొక్కింది పన్నెండున్నరకు. ఆటోలో ఇంటికి ఇరవై నిమిషాలు. "నాన్న సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్పమ్మా, ఏం కాదు" అని చెప్పడానికి రెండు గంటల వ్యవధి ఉంది. అమ్మ పక్కన ఉండాలని సెలవు పెట్టినందుకే అమ్మ చేత అక్కర్లేని అబద్ధం చెప్పించింది.

సాయంత్రం ఇంటికి వెళ్తూ చెప్పేద్దామనుకుంది. గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే అమ్మ అడిగింది.

"ఎక్కానా?"

"ఎక్కావమ్మా. ఈసారి నిజంగా. నీ పనితోనే."

అమ్మ ముఖం అంత వెలిగిపోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఆ ముఖం చూశాక, నువ్వు ఊరికే చెప్పావమ్మా, చెప్పకపోయినా ఎక్కేదానివి అనే మాట గొంతు దాటలేదు. రేపు చెబుదాంలే అనుకుంది. అలా రెండు నెలలు రేపు రేపు అనుకుంటూనే గడిపింది.

అమ్మ ముఖంలో మాత్రం ఆ వెలుగు ఎక్కువ రోజులు నిలవలేదు. పోయే ముందు వారంలో, మాట సగం గాలి అయిపోయిన రోజుల్లో, కూతుర్ని దగ్గరికి రమ్మంది.

"ఆ పుస్తకం అందరూ చదువుతారా?"

"చదివేవాళ్ళు చదువుతారమ్మా."

"మీ నాన్నకు చదువొచ్చు" అంది అమ్మ. "ఎక్కడైనా ఉండి, చేతిలో పడితే... పెళ్ళాం చచ్చాడని రాయించిందని... అనుకుంటాడేమో."

"అందులో పేర్లు ఉండవమ్మా. గడులే ఉంటాయి. ఎవరూ పోల్చుకోలేరు."

"ఆయనకు నా పని తెలుసు కదా" అంది అమ్మ. "నేను తప్పు చేశానే తల్లీ. పుస్తకం కోసం బతికున్నవాణ్ణి చంపాను."

చెప్పడానికి అంతకంటే సరైన సమయం లేదు. లేదమ్మా, దిద్దేస్తాను, ఆ అబద్ధం అక్కర్లేదు అనొచ్చు. కానీ అలా అంటే, ఊరికే చంపాను అని అమ్మకు తెలుస్తుంది. చెప్తే ఒక బాధ, చెప్పకపోతే ఇంకో బాధ. ఏది చిన్నదో తూచి చెప్పే పట్టిక ఏ సిద్ధాంతంలోనూ లేదు. అంకెలక్క అమ్మ చేతిని, ఆ వాత ఉన్న చోట, పట్టుకుని కూర్చుంది. శుక్రవారం పొద్దున్నే అమ్మ పోయింది.

పన్నెండు రోజుల తర్వాత ఆఫీసుకు వెళ్ళింది. కట్టలు పేరుకుపోయి ఉన్నాయి. నెల తిరక్కుండా తమ వీధి కట్ట వచ్చింది. హాల్లో వాళ్ళెవరైనా అమ్మ ఫారం చేసి ఉండొచ్చు, ఆమె ఇవ్వలేదు. తన బల్ల మీదికే తీసుకుంది.

వృత్తి: ఆసుపత్రి లాండ్రీ పని. గడిలో ఎర్ర పెన్సిలుతో డెబ్భై ఒకటి వేసింది. అమ్మ పుస్తకంలోకి ఎక్కేసింది. అంత సులువైన పని.

పేజీ తిప్పింది. భర్త: చనిపోయారు. పక్కనే ఆ సంవత్సరం.

ఇరవై ఏళ్ళలో కొన్ని వేల ఫారాలు ఆమె చేతి కింద నడిచాయి. మనిషి చెప్పిన మాట ఒక్కటి కూడా ఎప్పుడూ మార్చలేదు. కొత్తగా చేరిన పిల్లలకు మొదటిరోజు ఆ పాఠం చెప్పేది కూడా ఇప్పుడు తనే. అంకెలక్క చుట్టూ చూడలేదు, తలుపు వెయ్యలేదు. స్కేలు పెట్టి "చనిపోయారు" మీద నిండుగా ఒక గీత కొట్టింది. సంవత్సరం మీద ఇంకో గీత. దాని పైన, కుదురుగా, చదివేవాళ్ళకు తెలిసేలా రాసింది: "ఇల్లు విడిచి వెళ్ళారు. బతికి ఉన్నదీ లేనిదీ తెలియదు."

ఎవరు మార్చారో తెలియాలని రూలు. పక్కన పొడి సంతకం పెట్టింది. కింద "సమాచారదాతతో సంబంధం" అన్న గడి సర్వేకు వెళ్ళేవాళ్ళ కోసం ఉంటుంది, కోడింగ్ వాళ్ళు ముట్టుకోకూడదు. అందులో "కూతురు" అని రాసి, ఆ ఫారం కట్టలో పెట్టి తర్వాతిది తీసుకుంది.